సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవడం లేదు: ముందు చూద్దాం, తర్వాత విప్పుదాం



ఈ వారం మీతో పాత బండి గురించి మాట్లాడాలనుకుంటున్నాను. దైవసేవకుడికి బండి మరమ్మతుతో పనేమిటని కొందరు అనుకోవచ్చు. మన నౌపడ చుట్టుపక్కల ఊళ్ళలో బ్రతికేవారికి ఆ ప్రశ్న రాదు. ఇక్కడ ఒక్క పాత మారుతీ వ్యాను మీద ఎంతమంది ఆధారపడి ఉన్నారో మీకు తెలుసు. తెల్లవారితే అది చేపల బుట్టలు మోస్తుంది, పదింటికి బడిపిల్లల్ని దింపుతుంది, రాత్రివేళ నొప్పులు పడుతున్న తల్లిని టెక్కలి ఆసుపత్రికి చేరుస్తుంది. అటువంటి బండి ఒక ఉదయం కదలకపోతే ఆగిపోయేది బండి ఒక్కటే కాదు.

బండి మొరాయించడం రెండు రకాలు. తాళం తిప్పితే టక్ మని ఊరుకోవడం ఒకటి. సెల్ఫ్ చక్కగా గిర్రున తిరుగుతూ, ఇంజిన్ మాత్రం అందుకోకపోవడం రెండవది. మొదటిదాని గురించి ఈ రోజు మాట్లాడను. అది చాలావరకు బ్యాటరీ, టెర్మినళ్ళు, సెల్ఫ్ మోటారు సంగతి. రెండవదే మన జేబులు ఖాళీ చేసే జబ్బు. ఎందుకంటే దానికి కారణాలు చాలా ఉంటాయి, ప్రతి కారణానికీ దుకాణంలో ఒక పార్టు అమ్మకానికి ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత బండి స్టార్టు కానప్పుడు మనం ఎక్కువగా నష్టపోయేది చెడిపోయిన పార్టు వల్ల కాదు, చెడిపోని పార్టులు మార్చడం వల్ల. ఆ తప్పు మెకానిక్కుది మాత్రమే కాదు, అందులో మనకూ వాటా ఉంది. ఎలాగో చివర్లో చెబుతాను. అంతకంటే ముందు జబ్బును అర్థం చేసుకుందాం.

సెల్ఫ్ తిరగడం శుభవార్తే

సెల్ఫ్ బలంగా తిరుగుతోందంటే కొన్ని ప్రశ్నలకు జవాబు అప్పుడే దొరికినట్టు. బ్యాటరీలో సత్తువ ఉంది. సెల్ఫ్ మోటారు బాగుంది. ఇంజిన్ పట్టేయలేదు. కాబట్టి "ముందు బ్యాటరీ మార్చి చూద్దాం" అనే మాటకు ఇక్కడ చోటు లేదు. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది పదికి అటూ ఇటూ నిలబడితే చాలు. అంతకంటే బాగా కిందికి జారి, సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించాలి.

ఇదే కారణం వల్ల తోయడం కూడా దండగ. మన ఊళ్ళో బండి ఆగిందంటే చాలు, పదిమంది కుర్రాళ్ళు వెనకాల చేరి రైల్వే గేటు దాకా తోసుకుపోతారు. వారి మనసు మంచిదే. కానీ తోయడం వల్ల జరిగేదేమిటి? ఇంజిన్ తిరుగుతుంది. సెల్ఫ్ ఇప్పటికే ఆ పని చేస్తోంది కదా! సెల్ఫ్ తిరగని బండికి తోపు మందు. సెల్ఫ్ తిరిగే బండికి అది ఒట్టి ఆయాసం. పైగా పొగగొట్టంలో కేటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండ్లలో మండని పెట్రోలు అందులోకి చేరి దాన్ని పాడుచేస్తుంది.

అదేపనిగా సెల్ఫ్ కొట్టడం ఇంకో పొరపాటు. ఒకసారి పది సెకన్లకు మించి కొట్టకూడదు. తరువాత కనీసం ఒక నిమిషం ఆగాలి. లేకపోతే సెల్ఫ్ మోటారు కాగిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు ఒక జబ్బు కాస్తా మూడవుతుంది.

ఇంజిన్ అడిగేది మూడే మూడు

పెట్రోలు ఇంజిన్ మండాలంటే మూడు కావాలి. గాలితో సరిగ్గా కలిసిన పెట్రోలు, ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కే పిస్టను, సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ. మంచి మండుడుకు ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి కావాలని ఇంజనీర్లు లెక్క చెబుతారు. చల్లగా ఉన్న ఇంజిన్‌కు పెట్రోలు కాస్త ఎక్కువ కావాలి, అందుకే పాత బండ్లకు చోక్ పెట్టారు. మీ బండిది ఎంత పాత మోడలైనా, ఎవరు తయారుచేసినా, స్టార్టు కాలేదంటే ఈ మూడింటిలో ఒకటి అందడం లేదన్నమాట. నాలుగవ రహస్యం ఏదీ లేదు.

ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మనవాళ్ళు బండి కదలకపోతే దిష్టి తగిలిందంటారు. బయలుదేరేటప్పుడు ఎవరో ఎదురొచ్చారంటారు. నిమ్మకాయలు కడతారు. ప్రార్థన చేసుకునేవారిలో కూడా కొందరు బానెట్ తెరవకుండా దానిమీద చెయ్యి పెట్టి మాత్రమే ఊరుకుంటారు. ప్రార్థన చేయండి, నేను వద్దనను. చేసిన తరువాత బానెట్ కూడా తెరవండి. మన ఊళ్ళో చాలా బండ్ల మీద ఎవరి కన్నూ పడలేదు ప్రియులారా, తీగల మీద ఉప్పు పడింది.

అవును, ఉప్పు. నౌపడ పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది ఉప్పు మడులు. ఆ మడుల మీదుగా, సముద్రం మీదుగా వచ్చే గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, రాగికి చిలుము పడుతుంది. వైర్లను కలిపే ప్లాస్టిక్ కప్లర్ల లోపల ఆ పచ్చటి చిలుము చేరితే, బయటికి అంతా బాగానే కనిపిస్తుంది గాని లోపల కరెంటు దాటదు. హైదరాబాదులో ఇరవై ఏళ్ళు నడిచిన బండికీ, ఇక్కడ ఇరవై ఏళ్ళు నడిచిన బండికీ జబ్బులు ఒకటి కావు. ఇక్కడ పార్టు కంటే ముందు అతుకును అనుమానించాలి.

మొదట పెట్రోలు

మొదటి ప్రశ్న మరీ చిన్నది. ట్యాంకులో పెట్రోలు ఉందా? నవ్వకండి. పాత బండ్లలో ముల్లు పావు ట్యాంకు దగ్గరే ఇరుక్కుని ఉంటుంది, లోపల మాత్రం ఖాళీ. రెండు లీటర్లు పోసి చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష.

రెండవ ప్రశ్న, ఆ పెట్రోలు ఇంజిన్ దాకా వస్తోందా? మారుతీ 800 1983లో వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. మారుతీ వ్యాను 1984లో వచ్చింది, తరువాత ఓమ్ని అన్నారు, 2019లో ఆగింది. రెండిటిలోనూ మొదట్లో వచ్చినవి కార్బురేటర్ బండ్లు, తరువాత వచ్చినవి ఎంపీఎఫ్ఐ బండ్లు. మీదేదో ముందు తెలుసుకోండి, ఎందుకంటే పరీక్ష వేరు.

ఎంపీఎఫ్ఐ బండిలో పంపు కరెంటుతో నడుస్తుంది, ట్యాంకులోనే ఉంటుంది. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా చెవి పెట్టండి. రెండు సెకన్ల పాటు "జుయ్" మని సన్నటి శబ్దం రావాలి. వస్తే పంపుకు కరెంటు అందుతోంది. రాకపోతే వెంటనే పంపు కొనేయకండి. ముందు ఫ్యూజు, తరువాత రిలే, ఆ తరువాత కప్లర్, అన్నీ అయ్యాక పంపు. ఫ్యూజు ఖరీదు ఒక టీ ఖరీదు పాటి. పంపు ఖరీదు ఒక కూలీ మనిషికి ఎన్నో రోజుల సంపాదన. ఈ బండ్లలో పెట్రోలు గొట్టం ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి దాన్ని మీరు విప్పకండి, మెకానిక్కుకు వదిలేయండి.

కార్బురేటర్ బండిలో పంపు ఇంజిన్‌తో పాటే నడుస్తుంది. గొట్టం పగిలి గాలి లాగుతుండవచ్చు, ఫిల్టర్ పూడిపోయి ఉండవచ్చు, నెలల తరబడి నిలిపిన బండి అయితే కార్బురేటర్ జెట్టులో మడ్డి పేరుకుని ఉండవచ్చు. రోహిణీ కార్తె ఎండల్లో ఇంకో జబ్బు ఉంది. బండి ఆపి పది నిమిషాల తరువాత స్టార్టు చేస్తే అందుకోదు, ఒక గంట ఆగితే తనంతట తానే అందుకుంటుంది. అది గొట్టంలోనే పెట్రోలు వేడికి ఆవిరైపోవడం. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే సరిపోతుంది. ఈ సంగతి తెలియక పంపులు మార్చినవారున్నారు.

ఇప్పటి పెట్రోలు గురించి కూడా ఒక మాట. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థితికి వచ్చాం. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికోసం తయారైనవి కావు. కాబట్టి సముద్రపు ఒడ్డున ఉండే మనం పాత బండిని నెలల తరబడి నిలిపి ఉంచకూడదు. వారానికొకసారైనా తిప్పాలి. రబ్బరు గొట్టాలను ఏటా చేత్తో నొక్కి చూడాలి.

పెట్రోలు తక్కువైతేనే కాదు, ఎక్కువైనా బండి అందుకోదు. పదే పదే సెల్ఫ్ కొట్టి, చోక్ లాగి, యాక్సిలరేటర్ తొక్కి తొక్కి చివరికి ప్లగ్గులను పెట్రోలుతో తడిపేస్తాం. గుప్పున వాసన వస్తుంది. అప్పుడు చోక్ మూసి, పది నిమిషాలు ఆగి, యాక్సిలరేటర్‌ను పూర్తిగా కిందికి నొక్కి అలాగే పట్టుకుని (పంపు కొట్టినట్టు కొట్టకుండా) కొద్దిసేపు సెల్ఫ్ కొట్టండి. లోపలికి గాలి ఎక్కువగా వెళ్ళి, ఎక్కువైన పెట్రోలు బయటికి పోతుంది. చాలా బండ్లు ఇక్కడే అందుకుంటాయి.

తరువాత నిప్పు

మన షెడ్లలో డిస్ట్రిబ్యూటర్‌ను "డెల్కో" అంటారు. ఆ మాట ఎక్కడిదో తెలుసా? 1909లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో ఛార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ అనే ఇద్దరు డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ పెట్టారు. ఆ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే డెల్కో. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నిప్పు పుట్టించే పద్ధతిని కార్లకు కుదిర్చింది వాళ్ళే. 1912 కాడిలాక్ కార్లలో కరెంటు సెల్ఫ్ పెట్టింది కూడా వాళ్ళే. అంతకు ముందు ఇనుప హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసేవారు, అది వెనక్కి తన్ని చేతులు విరిగేవి. అంటే ఈ రోజు మనం మాట్లాడుకుంటున్న సెల్ఫూ, నిప్పూ ఒకే దుకాణంలో పుట్టిన అన్నదమ్ములు. ఒకడు పనిచేస్తున్నాడు, రెండోవాడు చేస్తున్నాడా లేదా అన్నది మన ప్రశ్న.

నిప్పు పరీక్ష ఇది. ఒక మంచి ప్లగ్గును వైరుకు తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజిన్‌కు గట్టిగా ఆనించి, ఒకరు సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్గు కొనలో నీలిరంగు రవ్వ టపటపమని రావాలి. పసుపుగా, నీరసంగా వస్తే నిప్పు చాలదు. అసలు రాకపోతే నిప్పు లేదు. ఇక్కడ జాగ్రత్తలు మూడు. దగ్గరలో పెట్రోలు కారకుండా చూసుకోవాలి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు మీద ఉండాలి. ప్లగ్గును చేత్తో పట్టుకోకూడదు, వైరును గాలిలో వేలాడదీయకూడదు. ఎలక్ట్రానిక్ బండ్లలో అలా వేలాడదీస్తే మాడ్యూల్ మాడిపోతుంది. మీకు ధైర్యం లేకపోతే ఈ పరీక్ష మెకానిక్కునే చేయమనండి. కానీ చేశాడో లేదో తప్పక అడగండి.

గ్యాసు కిట్టు ఉన్న బండి అయితే ఇంకా సులువు. స్విచ్చు మార్చి చూడండి. గ్యాసు మీద అందుకుని పెట్రోలు మీద అందుకోకపోతే నిప్పు బాగున్నట్టే, వెతకాల్సింది పెట్రోలు దారిలో. రెండిటి మీదా అందుకోకపోతే నిప్పు వైపు వెళ్ళండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

మా సంఘంలో ఒక కుటుంబానికి జరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి. వారి పాత వ్యాను ఒక మంచు కాలపు ఉదయం ఇలాగే మొండికేసింది. పట్నంలోని ఒక షెడ్డుకు తాడు కట్టి లాక్కెళ్ళారు. మొదట బ్యాటరీ మార్చారు. తరువాత ప్లగ్గులు. నిప్పు రావడం లేదని తేలింది, అది నిజమే. "కాయిల్ పోనాదండి" అన్నారు, కాయిల్ మార్చారు. అయినా రాలేదు. డెల్కో మొత్తం మార్చాలన్నారు. అప్పటికి పది వేలు దాటింది. ఆ ఇంటి పెద్దావిడ ఇక నా వల్ల కాదు బాబూ అని బండిని ఇంటికి తెప్పించేసింది.

తరువాత పక్క ఊరి నుంచి ఒక వృద్ధ మెకానిక్కును పిలిచారు. నేను దగ్గరే నిలబడి చూశాను. ఆయన సంచిలోంచి స్పానర్ తీయలేదు. మోటారు సైకిల్ ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించి పెట్టుకున్నాడు, అది తీశాడు. ఒక వైరు బండి ఇనుముకు, రెండోది కాయిల్‌కు కరెంటు వచ్చే చోట పెట్టి, తాళం ఆన్ చేయమన్నాడు. బల్బు వెలగలేదు. "అయ్యగారూ, కాయిల్‌కి కూడే అందట్లేదండి. కొత్తది పెడితే మాత్రం ఏటి సేత్తాది?" అన్నాడు. ఆ వైరు వెంట వెనక్కి వెళ్ళాడు. ఒక కప్లర్‌కు ఇటు పక్క బల్బు వెలగలేదు, అటు పక్క వెలిగింది. విప్పితే లోపల పచ్చగా చిలుము. గీకి, శుభ్రం చేసి, గట్టిగా తగిలించాడు. రెండోసారి సెల్ఫ్ కొట్టగానే బండి అందుకుంది. మొత్తం అరగంట కూడా పట్టలేదు.

గమనించండి. షెడ్డువారు అబద్ధం చెప్పలేదు. నిప్పు లేదన్నది సత్యమే. కానీ "నిప్పు లేదు" అన్నది గుర్తు, కారణం కాదు. కాయిల్‌కు కరెంటు రాకపోయినా నిప్పు ఉండదు. కాయిల్ పోయినా ఉండదు. పాయింట్లు మాడినా, ఎలక్ట్రానిక్ బండిలో సెన్సరు పోయినా ఉండదు. డెల్కో మూతలో తేమ చేరినా, రోటర్ పగిలినా ఉండదు. గుర్తు నుంచి కారణం దాకా మెట్లు దిగి వెళ్ళాలి. వారు మెట్లు వదిలేసి దూకారు. దూకినప్పుడల్లా ఒక పార్టు ధర ఆ కుటుంబం మీద పడింది.

చివరగా నొక్కుడు

పెట్రోలు వస్తోంది, నిప్పు వస్తోంది, అయినా అందుకోలేదంటే చెవికి పని చెప్పాలి. మంచి ఇంజిన్‌ను సెల్ఫ్ తిప్పుతుంటే శబ్దంలో ఒక లయ ఉంటుంది. పిస్టను గాలిని నొక్కినప్పుడల్లా కాస్త బరువెక్కి, మళ్ళీ తేలికవుతుంది. ఆ లయ పోయి, సెల్ఫ్ ఒకే తీరుగా, మామూలు కంటే వేగంగా, తేలికగా తిరిగిపోతుంటే టైమింగ్ బెల్టు తెగిందేమో చూడాలి. ఇక సెల్ఫ్ కొట్టడం ఆపేయండి. కొన్ని ఇంజిన్లలో బెల్టు తెగాక తిప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

వరదనీటిలో మునిగిన బండి సంగతి కూడా ఇంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని ఎలా కొట్టిందో మరచిపోలేదు కదా. నీట మునిగిన బండికి ఒక్కసారి కూడా సెల్ఫ్ కొట్టకూడదు. నీరు గాలిలాగా నలగదు, లోపల నీరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు ప్లగ్గులు విప్పి నీరు తీయించాలి.

డీజిల్ బండ్లవారికి రెండు మాటలు. మీ బండిలో నిప్పు పరీక్ష లేదు, ఎందుకంటే నొక్కుడు వేడికే డీజిల్ మండుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగగొట్టం వైపు చూడండి. తెల్లటి పొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది గాని మండడం లేదు, హీటర్ ప్లగ్గులు చూడండి. పొగే రాకపోతే డీజిల్ వెళ్ళడం లేదు. ట్యాంకు ఖాళీ అయ్యాక లైనులో గాలి చేరిందేమో, ఫిల్టర్ పూడిందేమో చూడండి.

తాళంలో చిప్పు ఉన్న బండ్లలో ఇంకొక చిన్న సంగతి. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు మినుకుమంటుంటే బండి మీ తాళాన్ని గుర్తుపట్టలేదన్నమాట. రెండో తాళంతో ప్రయత్నించండి.

మన వాటా

ఇప్పుడు మొదట్లో ఆపిన మాట దగ్గరికి వస్తాను. మెకానిక్కులు ఎందుకు చూడకుండా మారుస్తారు? కొందరిలో అత్యాశ ఉండవచ్చు. కానీ అసలు కారణం వేరని నా నమ్మకం. చూసినందుకు మనం డబ్బులివ్వం.

ఒక్కసారి ఆలోచించండి. ఆ వృద్ధుడు అరగంటలో జబ్బు కనిపెట్టి, చిలుము గీకి బండి నడిపించాడు. అప్పుడు అక్కడున్న ఒకాయన అన్న మాట నాకు నచ్చలేదు. "వైరు గీకినందుకు డబ్బులేటి?" అన్నాడు. అదే ఆ పెద్దాయన రెండు వేల పార్టు ఏదో మార్చి, పైన ఐదు వందలు కూలీ అడిగి ఉంటే మారుమాట లేకుండా ఇచ్చేవాళ్ళం. చేతిలో కొత్త డబ్బా కనబడితేనే మనకు పని జరిగినట్టు అనిపిస్తుంది. ఆలోచనకు కూలీ ఇవ్వం, డబ్బాకు ఇస్తాం. అప్పుడు షెడ్డులోని కుర్రవాడు ఏం నేర్చుకుంటాడు? బల్బు పట్టుకుని వెతకడం నేర్చుకుంటాడా, డబ్బా విప్పడం నేర్చుకుంటాడా?

"పాస్టరుగారూ, పేదవాళ్ళం, చూసినందుకు కూడా ఇవ్వాలంటే ఎక్కడినుంచి తెస్తాం?" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. అయితే లెక్క వేసి చూడండి. ఆ కుటుంబం షెడ్డులో పోగొట్టుకున్న పది వేలు ఎక్కడినుంచి తెచ్చారు? వడ్డీకి తెచ్చారు. చూసినందుకు మూడు వందలు ఇచ్చే అలవాటు మనకుంటే ఆ వడ్డీ ఉండేది కాదు. పేదవాడికే ముందు పరీక్ష కావాలి. డబ్బున్నవాడు మూడు పార్టులు వృథాగా మార్చినా తట్టుకుంటాడు.

మెకానిక్కుల వైపు నుంచి కూడా ఒక మాట వింటుంటాను. పాత బండికి అన్నీ అరిగిపోయే ఉంటాయి, ఎలాగూ మార్చాల్సినవే, ఈ రోజు మారిస్తే తప్పేమిటని. అందులో కొంత నిజం ఉంది. ప్లగ్గులు, ఫిల్టర్లు వంటివి సమయానికి మార్చడం మంచిదే. కానీ అది సర్వీసు, రోగ నిర్ధారణ కాదు. పైగా ఒకేసారి నాలుగు మారిస్తే, బండి నడిచినా దేనివల్ల నడిచిందో తెలియదు. రేపు మళ్ళీ ఆగితే మళ్ళీ చీకట్లోనే వెతకాలి. అందుకే ఒకసారికి ఒక్కటే మార్చి, ప్రతిసారీ పరీక్షించాలి. తీసేసిన పాత పార్టును యజమానికి ఇచ్చేయాలి.

నెహెమ్యా చేసిన పని మీకు తెలిసిందే. యెరూషలేము చేరగానే రాళ్ళు మోయించలేదు. మూడు దినాలు ఆగి, రాత్రివేళ కొద్దిమందితో పాడైన ప్రాకారం చుట్టూ తిరిగి ఎక్కడెక్కడ కూలిందో కళ్ళారా చూశాడు. ఆ తరువాతే కడదాం రండి అన్నాడు. చూడటం కూడా పనిలో భాగమేనని ఆయనకు తెలుసు.

కాబట్టి ప్రియులారా, పాత బండి ఉన్న ప్రతి ఇంటివారికీ నా మనవి ఇది. షెడ్డుకు వెళ్ళేముందు ఒక కాగితం మీద ఐదు సంగతులు రాయండి. సెల్ఫ్ ఎలా తిరుగుతోంది, మామూలుగానా, నెమ్మదిగానా, మరీ వేగంగానా? ఆగినప్పుడు ఇంజిన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా? ఒక్కసారిగా ఆగిందా, కొన్నాళ్ళుగా ఇబ్బంది పెడుతోందా? పెట్రోలు వాసన వస్తోందా? ఈ మధ్య వాన, సర్వీసు, కొత్త వైరింగు ఏమైనా జరిగాయా? ఒక్కసారిగా ఆగిన బండికి చాలావరకు కరెంటు జబ్బు ఉంటుంది, దగ్గుతూ దగ్గుతూ ఆగిన బండికి చాలావరకు పెట్రోలు జబ్బు ఉంటుంది. మీ కాగితమే సగం వెతుకులాట తగ్గిస్తుంది.

ఆ కాగితం మెకానిక్కు చేతిలో పెట్టి గౌరవంగా ఇలా అనండి: "మేస్త్రీ, ముందు పెట్రోలు వస్తోందో లేదో, నిప్పు వస్తోందో లేదో చూసి చెప్పండి. చూసినందుకు మీ కూలీ మీకు ఇస్తాను. ఏది మార్చాలో, అదే ఎందుకు మార్చాలో చెప్పాకే మార్చండి." ఆ మాటకు కోపం తెచ్చుకునే మెకానిక్కు దగ్గర బండి పెట్టకండి. సంతోషించేవాడు దొరికితే వదులుకోకండి, అడిగిన కూలీ బేరమాడకుండా ఇవ్వండి.

మన యువకులకు కూడా చెబుతున్నాను. చెన్నైకో, విశాఖకో పనికోసం వెళ్ళేముందు, మన దగ్గర మిగిలిన ఆ కొద్దిమంది పాత మెకానిక్కుల పక్కన కొన్ని నెలలు నిలబడండి. వారి దగ్గర ఖరీదైన యంత్రాలేవీ లేవు. ఒక బల్బు, రెండు వైర్లు, ఓపిక ఉన్నాయి. వారితో పాటు ఆ ఓపిక కూడా వెళ్ళిపోతే, రేపు అర్ధరాత్రి ఎవరి ఇంట్లోనో నొప్పులు మొదలైనప్పుడు ఈ ఊళ్ళో బండిని కదిలించేవారు ఉండరు.